కొండ దిగిన పదకొండో రోజున వచ్చిన జ్వరం: ఒక ట్రైల్ రన్నర్ కేసు

విశాఖపట్నంలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీస్ చేసేవాళ్లకి వానలు తగ్గినప్పటి నుంచి సంక్రాంతి దాకా ఊపిరి సలపనంత జ్వరాలు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పేర్లు పేషెంట్లే చెబుతారు, టెస్టులు కూడా వాళ్లే చేయించుకుని వస్తారు. పొదల్లోని చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ అనే నాలుగో పేరు మాత్రం మనం అడిగితే తప్ప బయటికి రాదు. కొండల్లో పరుగులు, ట్రెక్కింగ్, సైక్లింగ్, క్యాంపింగ్ బాగా పెరిగిన ఈ రోజుల్లో ఈ కేసు రన్నర్లకూ, వాళ్లని చూసే జూనియర్ డాక్టర్లకూ ఉపయోగపడుతుందని పూర్తిగా రాస్తున్నాను. పేషెంట్ అనుమతి ఉంది. అతన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వచ్చినప్పటి పరిస్థితి

31 ఏళ్ల యువకుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. షుగర్, బీపీ, ఉబ్బసం లేవు. సిగరెట్ అలవాటు లేదు. వారాంతాల్లో స్నేహితులతో కలిసి కొండదారుల్లో పరుగెత్తుతాడు. పది, పదిహేను కిలోమీటర్లు అతనికి మామూలే. మా దగ్గరికి వచ్చేసరికి జ్వరం ఆరో రోజు.

మొదటి రోజు సాయంత్రం ఆఫీసులో ఉండగానే వణుకుతో జ్వరం పట్టుకుంది. తల పగిలిపోయేంత నొప్పి, నడుము నొప్పి, కళ్ల వెనక లాగుతున్నట్టు బాధ. రెండు రోజులు పారాసిటమాల్ వేసుకుని చూశాడు. మూడో రోజు ఇంటి దగ్గరి క్లినిక్‌కి వెళితే డెంగీ, మలేరియా నెగెటివ్, విడాల్ (టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష) పాజిటివ్ అని వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. మూడు రోజులు సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, రోజూ సెలైన్ ఎక్కించారు. జ్వరం దిగకపోగా ఐదో రోజు నుంచి పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం మొదలయ్యాయి. ప్లేట్‌లెట్లు 1,40,000 నుంచి 84,000కి పడిపోయాయి. దాంతో ఇంట్లో అందరికీ టెన్షన్. బొప్పాయి ఆకు రసం కూడా తాగించారు. వాళ్లమ్మగారు గదిలోకి వస్తూనే అన్న మాట: "మేడం, బాబుకి ప్లేట్‌లెట్లు ఎక్కించాలేమో చూడండి."

నా దృష్టి మాత్రం ప్లేట్‌లెట్ల కంటే ఊపిరి మీద ఉంది. నిమిషానికి 26 సార్లు పీలుస్తున్నాడు, ఆక్సిజన్ 94 శాతం. వారం వారం కొండలెక్కే ఊపిరితిత్తులున్న మనిషికి అది తక్కువే. టెంపరేచర్ 103 డిగ్రీలు, నాడి 112, బీపీ 100/70. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ పుసి లేదు. మెడ బిగుసుకోలేదు, మాట తడబడలేదు. రెండు ఊపిరితిత్తుల కింది భాగాల్లో చిటపట శబ్దాలు వినిపించాయి.

అడగాల్సిన ప్రశ్న

"ఈ మూడు వారాల్లో ఎక్కడికైనా వెళ్లారా?" అని అడిగితే "లేదు మేడం, ఇక్కడే ఉన్నాను" అన్నాడు. పక్కన నిలబడ్డ స్నేహితుడు అందుకున్నాడు: "అదేంట్రా, వంజంగి వెళ్లాం కదా!"

అతను దాచిందేమీ లేదు. ఊరెళ్లడం అంటే రైలు టికెట్, లగేజీ ఉండాలి. శనివారం సాయంత్రం బండి మీద వెళ్లి ఆదివారం మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తే అది ప్రయాణం కింద లెక్కకు రాదు. పైగా జ్వరం వచ్చింది పదకొండు రోజుల తర్వాత. మధ్యలో ఒక వారాంతం కూడా గడిచిపోయింది. ఆ పరుగుకీ ఈ జ్వరానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది? అందుకే "ఎక్కడికైనా వెళ్లారా" అనే ప్రశ్న సరిపోదు. పరుగెత్తేవాళ్లని "చివరి మూడు వారాల్లో ఏయే దారుల్లో పరుగెత్తారు, ఎక్కడ కూర్చున్నారు, ఎక్కడ పడుకున్నారు, ఏ నీళ్లలో దిగారు" అని విడివిడిగా అడగాలి.

అలా అడిగితే మొత్తం బయటికొచ్చింది. వంజంగి పాడేరు దగ్గరి కొండ. తెల్లవారుజామున కింద మేఘాలు పరుచుకున్నట్టు కనిపిస్తాయని చలికాలంలో జనం పోటెత్తుతారు. వీళ్లు రాత్రి కొండ కింద టెంట్లు వేసుకున్నారు. సూర్యోదయానికి పైకెక్కి, దిగేటప్పుడు అందరూ నడిచే దారి వదిలేసి కాఫీ తోటల పక్కనున్న కాలిబాటల్లో పరుగెత్తారు. ఇతను నిక్కరు, టీషర్టుతో ఉన్నాడు. కిందికొచ్చాక మోకాలెత్తు గడ్డిలో కూర్చుని కాళ్లు చాపి స్ట్రెచింగ్ చేశాడు. చెమటతో తడిసిన టీషర్టును పొద మీద ఆరేసి, ఆరాక దాన్నే తొడుక్కున్నాడు. గెడ్డలో (కొండవాగులో) కాళ్లు కడుక్కున్నాడు, ఈదలేదు. ఆ చెమట బట్టలతోనే ఇల్లు చేరి సోఫాలో నిద్రపోయాడు. స్నానం చేసింది రాత్రికి.

బిళ్ల చూపించిన దారి

పరీక్షలో ఎడమ గజ్జలో ఒక బిళ్ల తగిలింది. నొక్కితే నొప్పి. కుడివైపు లేదు. ఒకే వైపు గజ్జలో బిళ్ల కట్టిందంటే ఆ వైపు కాలో, పిరుదో, బొడ్డు కింది పొట్టో, మర్మాంగం దగ్గరి చర్మమో ఏదో ఒకచోట కారణం ఉండాలి. కాలంతా వెతికాం. పరుగెత్తేటప్పుడు గీరుకున్న గీతలు తప్ప ఏమీ లేవు. నిక్కరు ఎలాస్టిక్ కిందికి జరిపితే, నడుముకి ఎడమ పక్కన, సరిగ్గా ఎలాస్టిక్ బిగిసే చోట కనిపించింది: ఎనిమిది మిల్లీమీటర్ల గుండ్రటి నల్లటి పక్కు, చుట్టూ సన్నని ఎర్రటి అంచు. సిగరెట్‌తో కాల్చినట్టే ఉంది. నొప్పి లేదు, దురద లేదు. అది ఉన్నట్టే అతనికి తెలీదు.

దీన్ని ఎస్కార్ అంటాం. స్క్రబ్ టైఫస్ పురుగు కుట్టిన చోట చర్మం చచ్చిపోయి ఏర్పడే పక్కు ఇది. మన చర్మం రంగులో సులభంగా కలిసిపోతుంది. గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, మోకాళ్ల వెనక, చెవి వెనక, పిరుదుల మధ్య వెతికితేనే దొరుకుతుంది. చాలామంది పేషెంట్లలో అసలు ఏర్పడదు కూడా, కాబట్టి లేనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ కాదనడానికి వీల్లేదు. కానీ ఇలాంటి జ్వరంతో పాటు అది కనిపించిందంటే రోగనిర్ధారణ దాదాపు అయిపోయినట్టే. పేషెంట్‌ని పక్కన నర్సు ఉండగా, కర్టెన్ వేసి, బట్టలు తీయించి చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఓపీలో వంద మంది ఉన్న రోజు కూడా ఆ ఐదు నిమిషాలు ఇవ్వాలనే నా అభిప్రాయం.

ఏమేం అనుకున్నాం, ఏమేం కొట్టేశాం

పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చిన జ్వరంలో మలేరియాని ఒక్క నెగెటివ్ టెస్టుతో కొట్టేయకూడదు. అక్కడ ఫాల్సిపారం రకం ఉంటుంది, అది ప్రాణాంతకం. అందుకే స్మియర్, ర్యాపిడ్ టెస్టు రెండూ మళ్లీ చేశాం. మర్నాడు ఇంకోసారి చేశాం. అన్నీ నెగెటివ్. డెంగీలో ప్లేట్‌లెట్లు పడతాయి నిజమే, కానీ ఆరో రోజు ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో కనిపించిన మసక, గజ్జలో ఒంటి బిళ్ల దానికి పొసగవు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌లోనూ కళ్లు ఇలాగే ఎర్రబడతాయి. గెడ్డలో కాళ్లు కడిగాడు కాబట్టి దాన్ని జాబితాలో ఉంచాం. ఇక విడాల్ సంగతి. మనలాంటి చోట టైఫాయిడ్ క్రిములు ఎప్పుడో ఒకప్పుడు అందరికీ తగిలి ఉంటాయి. ఒక్కసారి చేసిన విడాల్ పాజిటివ్‌ని నమ్మి వైద్యం మొదలుపెడితే అసలు జబ్బుని వదిలేసే ప్రమాదం ఉంది. బ్లడ్ కల్చర్ పంపాం, ఏమీ పెరగలేదు.

రక్తపరీక్షల్లో తెల్లకణాలు 9,600, కాలేయం ఎంజైములు మామూలుకి మూడు నాలుగు రెట్లు, రక్తంలోని ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ తగ్గి 2.9, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2. ఎక్స్‌రేలో రెండువైపులా కింద మసక. వీటన్నిటినీ కలిపే కారణం ఒకటుంది. ఓరియెన్షియా సుత్సుగముషి అనే ఈ బ్యాక్టీరియా రక్తనాళాల లోపలి పొరలోని కణాల్లోకి దూరి అక్కడే పెరుగుతుంది. నాళాలు కారడం మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు, రక్తంలో తగ్గే ఆల్బుమిన్, పడిపోయే ప్లేట్‌లెట్లు అన్నీ దాని ఫలితమే. కణాల లోపల దాక్కునే ఈ క్రిమిని సెఫ్‌ట్రియాక్సోన్ ఏమీ చేయలేదు. నాళాలు కారుతున్న మనిషికి అవసరానికి మించి సెలైన్ ఎక్కిస్తే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది. ఇతని ఆయాసంలో దాని వాటా కూడా ఉందని నా అనుమానం.

వైద్యం

స్క్రబ్ ఐజీఎం ఎలైసాకి (ఈ జబ్బు యాంటీబాడీల్ని చూసే టెస్టుకి) రక్తం పంపి, రిపోర్టు కోసం ఆగకుండా అప్పుడే మందు మొదలుపెట్టాం. ఇది ముఖ్యం. జ్వరం మొదటి వారంలో యాంటీబాడీలు తయారై ఉండకపోవచ్చు కాబట్టి తొలి టెస్టు నెగెటివ్ రావచ్చు. పక్కులోంచి తీసిన ముక్కకి పీసీఆర్ చేస్తే ఇంకా ముందే తెలుస్తుంది కానీ ఆ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. మా పేషెంట్ ఎలైసా మర్నాడు సాయంత్రం పాజిటివ్ వచ్చింది.

మామూలు స్క్రబ్ టైఫస్‌కి పెద్దవాళ్లలో డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి రెండుసార్లు వారం రోజులు చాలు. చవకైన మందు. గర్భిణులకైతే అజిత్రోమైసిన్ వాడతాం. ఇతనికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి కాబట్టి తీవ్రమైన కేసు కింద లెక్కగట్టి రెండు మందులూ కలిపి రక్తనాళం ద్వారా ఇచ్చాం. దీనికి ఆధారం మన దేశంలోని ఆసుపత్రుల్లోనే జరిగిన ఇంట్రెస్ట్ ట్రయల్. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మరణం, ఏడో రోజుకీ తగ్గని కాంప్లికేషన్లు, ఐదో రోజుకీ దిగని జ్వరం, ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా జరిగినవాళ్లని లెక్కిస్తే రెండు మందులూ ఇచ్చినవాళ్లలో 33 శాతం, ఒక్క డాక్సీసైక్లిన్ ఇచ్చినవాళ్లలో 47 శాతం, ఒక్క అజిత్రోమైసిన్ ఇచ్చినవాళ్లలో 48 శాతం. మరణాలు మాత్రమే విడిగా తీసి చూస్తే తేడా తేలలేదు, ఆ మాట కూడా చెప్పాలి. డాక్సీసైక్లిన్ లెప్టోస్పైరోసిస్‌కీ పనిచేస్తుంది కాబట్టి మా రెండో అనుమానానికీ అది సరిపోయింది.

ముక్కు గొట్టంతో ఆక్సిజన్ రెండు రోజులు ఇచ్చాం. సెలైన్ బాగా తగ్గించేశాం. ప్లేట్‌లెట్లు 62,000 దాకా పడ్డాయి. ఎక్కడా రక్తం కారడం లేదు కాబట్టి ఎక్కించలేదు. వాళ్లమ్మగారికి రోజూ రిపోర్టు చూపించి, "అమ్మా, జబ్బుకి మందు పడింది, అవే పెరుగుతాయి" అని చెప్పాల్సి వచ్చింది. రెండో రోజు ముగిసేలోపే జ్వరం పూర్తిగా దిగింది. సరైన మందు పడితే స్క్రబ్ టైఫస్ జ్వరం సాధారణంగా 48 గంటల్లో దిగుతుంది. దిగకపోతే ఇంకేదో ఉందేమో అని మళ్లీ వెతకాలి. నాలుగో రోజుకి ప్లేట్‌లెట్లు 1,30,000. ఐదో రోజు డిశ్చార్జ్, వారం పూర్తయ్యేదాకా మాత్రలు.

గుంపులో రెండో మనిషి

డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రాత్రే అతని స్నేహితుడితో ఒక పని చేయించాను. ఆ ట్రిప్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టమన్నాను: ఎవరికైనా జ్వరం ఉందా, ఒంటి మీద నల్లటి పక్కు ఉందేమో అద్దంలో చూసుకోండి, ఉంటే ఈ ట్రిప్ సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి.

వాళ్లలో ఒకమ్మాయి అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయింది. నాలుగు రోజులుగా జ్వరం, వైరల్ ఫీవర్ అన్నారట. రొమ్ము కింద, లోదుస్తుల పట్టీ బిగిసే చోట పక్కు కనిపించిందని జవాబిచ్చింది. అక్కడి డాక్టర్‌తో నేను మాట్లాడాను. మాత్రలతోనే తగ్గింది, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు. మిగతావాళ్లకి ఏమీ కాలేదు.

ఆటల్లో వచ్చే ఇన్‌ఫెక్షన్ల అసలు చిక్కు ఇదే. అందరికీ ఒకే చోట, ఒకే రోజున తగులుతుంది. జబ్బు బయటపడేసరికి ఎవరి ఊళ్లో వాళ్లుంటారు, ఒక్కో డాక్టర్‌కి ఒక్కో జ్వరమే కనిపిస్తుంది. ప్రపంచం చూసిన పెద్ద ఉదాహరణ 2000లో మలేసియాలోని సబాలో జరిగిన ఎకో-చాలెంజ్ పోటీ. 26 దేశాల నుంచి 304 మంది అడవుల్లో, నదుల్లో, గుహల్లో రోజుల తరబడి పోటీపడి ఇళ్లకు వెళ్లిపోయాక జ్వరాలు మొదలయ్యాయి. అమెరికాలో వేర్వేరు చోట్ల నుంచి సమాచారం అందాకే అవన్నీ ఒకటేనని తెలిసింది. విచారణలో మాట్లాడగలిగిన 189 మందిలో 80 మంది జబ్బుపడినట్టు తేలింది, 29 మంది ఆసుపత్రిలో చేరారు. అది లెప్టోస్పైరోసిస్. సెగామా నదిలో ఈదినవాళ్లకి ముప్పు ఎక్కువ. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. అంతకు రెండేళ్ల ముందు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ చెరువులో ఈదిన ట్రయథ్లాన్ పోటీదారుల్లోనూ ఇదే జబ్బు వచ్చింది. చెరువు నీళ్లు మింగడం అక్కడ ప్రధాన కారణం.

ఆటగాళ్ల గ్రూపుల్లో ఉన్న ఆ ఫోన్ నంబర్ల జాబితా డాక్టర్‌కి ఎంత విలువైనదో చెప్పలేను. ట్రిప్ అయిపోగానే గ్రూప్ డిలీట్ చేయకండి. కనీసం మూడు వారాలు ఉంచండి. స్క్రబ్ టైఫస్ బయటపడటానికి 6 నుంచి 21 రోజులు పడుతుంది.

నివారణ: పురుగు నడిచే దారి తెలిస్తే సగం పని అయినట్టే

ఈ జబ్బు దోమ వల్ల రాదు, గోమారి వల్ల రాదు, మనిషి నుంచి మనిషికి అంటదు. ట్రాంబిక్యులిడ్ జాతి నల్లుల (మంచం నల్లులు కావు, మైట్లు) పిల్లలు, అంటే చిగ్గర్లు కుడితే వస్తుంది. పెద్ద నల్లులు నేలలోనే బతుకుతాయి, మన జోలికి రావు. పిల్ల దశలో మాత్రమే అవి జంతువునో మనిషినో పట్టుకుంటాయి, మామూలుగా ఎలుకల్ని. తల్లి నల్లి నుంచి గుడ్లకి క్రిమి చేరుతుంది కాబట్టి ఆ చోట అది తరాలపాటు ఉండిపోతుంది. చిగ్గర్లు అక్కడక్కడా గుంపులుగా ఉంటాయి. ఒక పొద దగ్గర వందలుంటాయి, పది గజాల అవతల ఒక్కటీ ఉండదు. ఒకే చోట పడుకున్నవాళ్లలో ఇద్దరికే జబ్బు రావడానికి కారణం ఇదే. అడవి నరికాక మళ్లీ మొలిచిన పొదలు, తోటల అంచులు, గెడ్డల ఒడ్లు వాటికి ఇష్టం. మనం టెంట్ వేసేదీ, కూర్చునేదీ అక్కడే.

చిగ్గర్ ఎగరదు, దూకదు. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. గడ్డిపోచ కొసన కాచుకుని ఉండి, తగిలిన మనిషి మీదికి ఎక్కి పైకి నడుస్తుంది. బిగుతైన చోట ఆగుతుంది: సాక్సు అంచు, నిక్కరు ఎలాస్టిక్, లోదుస్తుల పట్టీ. అక్కడ కరుచుకుని రోజుల తరబడి ఉండగలదు. కుట్టిన నొప్పి తెలీదు. ఎక్కిన వెంటనే కరవదు కాబట్టి మనకి కొంత సమయం దొరుకుతుంది. అందుకే అన్ని జాగ్రత్తల్లోకీ నేను మొదట చెప్పేది పరుగు అయ్యాక వీలైనంత త్వరగా బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లంతా రుద్ది స్నానం చేయమని. ఊరికే నీళ్లు పోసుకుంటే చాలదు, తువ్వాలుతో గట్టిగా రుద్దాలి. ఆ బట్టల్ని మంచం మీద వేయకుండా నేరుగా వేడి నీళ్లలో నానబెట్టాలి.

పొడుగు సాక్సులు, వాటిలోకి దోపిన ట్రాక్ ప్యాంటు ఎండలో ఇబ్బందే, కానీ పొదల దారుల్లో అవే రక్ష. పురుగుల్ని దరిచేరనివ్వని డీట్ అనే మందు ఉన్న లోషన్‌ని కాళ్లకీ, సాక్సుల అంచులకీ, నడుము చుట్టూ రాయాలి. చెమటకి పోతుంది కాబట్టి మళ్లీ రాసుకోవాలి. సన్‌స్క్రీన్ వాడేవాళ్లు ముందు అది రాసి, తర్వాత ఇది. పెర్మెత్రిన్ అనే పురుగుమందులో బట్టల మీద చల్లే రకం దొరికితే బట్టలకే వాడాలి, ఒంటికి కాదు. కూర్చోవాలంటే బండ మీదో, షీట్ పరిచో కూర్చోండి. బట్టలు పొదల మీద ఆరేయకండి. తిన్న పదార్థాలు టెంట్ చుట్టూ వదిలేస్తే ఎలుకలొస్తాయి, వాటితో పాటు ఇవీ వస్తాయి.

వెళ్లే ముందే డాక్సీసైక్లిన్ వేసుకోవచ్చా అని రన్నర్లు తరచూ అడుగుతారు. లెప్టోస్పైరోసిస్ విషయంలో దానికి ఆధారం ఉంది. 1982లో పనామా అడవుల్లో శిక్షణలో ఉన్న అమెరికా సైనికులకు వారానికి 200 మిల్లీగ్రాములు ఇస్తే బాగా పనిచేసింది. రోజుల తరబడి వరద నీళ్లలో, నదుల్లో పోటీ ఉంటే డాక్టర్‌తో మాట్లాడి ఆలోచించొచ్చు. ఒక పూట కొండ పరుగుకి మాత్రం నేను రాయను. ఆ మాత్రతో ఎండకి చర్మం కమిలిపోతుంది, అది రోజంతా ఎండలో ఉండేవాళ్లకి పెద్ద ఇబ్బంది. చాలినన్ని నీళ్లు తాగకుండా వేసుకుని పడుకుంటే అన్నవాహికలో పుండు పడుతుంది.

ధనుర్వాతం ఇంజెక్షన్ పదేళ్లకోసారి, కుక్క కరిస్తే వెంటనే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆ రోజే టీకా మొదలుపెట్టడం, ఒంటి మీద పుండు ఉన్నప్పుడు చెరువుల్లో దిగకపోవడం ఆరుబయట ఆడే ప్రతివాళ్లూ పాటించాల్సినవే.

ఫాలో-అప్

పదో రోజున చూసేటప్పటికి ఎక్స్‌రే దాదాపు తేటపడింది, కాలేయం ఎంజైములు దిగుతున్నాయి. నీరసం మాత్రం బాగా ఉంది. వచ్చే నెల హాఫ్ మారథాన్‌కి పేరిచ్చానని చెబితే వద్దన్నాను. రెండు వారాలు నడక, ఆ తర్వాత నాడి, ఆయాసం గమనించుకుంటూ చదును నేల మీద నెమ్మదిగా జాగింగ్. ఆరో వారానికి ఆల్బుమిన్, ప్లేట్‌లెట్లు మామూలుకి వచ్చాయి. పక్కు రాలిపోయి చిన్న మచ్చ మిగిలింది. అప్పుడు కొండలకి అనుమతి ఇచ్చాను.

చివర్లో అతను అడిగాడు: "ఒకసారి వచ్చింది కదా మేడం, ఇంక రాదు కదా?" రావచ్చని చెప్పాను. ఓరియెన్షియాలో రకాలు చాలా ఉన్నాయి. ఒక రకానికి వచ్చిన రోగనిరోధక శక్తి ఇంకో రకం మీద ఎక్కువ కాలం నిలవదు. టీకా ఇంకా లేదు. అందుకే డిశ్చార్జ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒక లైన్ రాయించాను, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోమన్నాను: "కొండల్లో తిరుగుతాను, గతంలో స్క్రబ్ టైఫస్ వచ్చింది. జ్వరం వస్తే ఒళ్లంతా చూడండి."